ఎనిమిదో చుక్క

బ్యూరెట్టును సిటీబస్సులో మోసుకెళ్ళడం పసిబిడ్డను మోసుకెళ్ళడం కన్నా కష్టం. చంకన బిడ్డ ఉంటే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. పాత దుప్పట్లో చుట్టి, రెండు చోట్ల నాడాతో కట్టి, భుజానికి ఆనించుకున్న ఆ పొడవాటి మూటను చూసి టీచరమ్మకు ఎవరూ సీటివ్వలేదు సరికదా, పక్కనున్న పెద్దాయన ఓ అడుగు దూరం జరిగి నిలబడ్డాడు. ఏమిటమ్మా అది, తుపాకీయా అని కండక్టరు అడిగాడు. గాజు గొట్టమనీ, బ్రేకు గట్టిగా పడితే రెండు గొట్టాలవుతుందనీ చెప్పింది. కండక్టరు నవ్వి, గాజుసామాను ఉంది మెల్లగా పోనిమ్మని డ్రైవరుకు కేకేశాడు.

టీచరమ్మ హైస్కూల్లో రసాయనశాస్త్రం చెబుతుంది. పిల్లలు వెనకాల బ్యూరెట్టమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అంతకన్నా చెడ్డ పేర్లు తోటి టీచర్లకు ఉన్నాయని కూడా తెలుసు కనుక తన పేరు మీద ఆమెకు ఫిర్యాదు లేదు. ఆ బ్యూరెట్టు పైఅంచు కాస్త పెచ్చు లేచింది. పరీక్షలకు పనికిరాదని పక్కన పెట్టినదే. తీసుకెళ్తానని అడిగితే, తిరిగి తెచ్చేటప్పుడు ఒకే ముక్కగా తెమ్మని మాత్రం హెడ్మాస్టరు అన్నాడు. చేతిసంచీలో ఇంకా రెండు శంఖాకార ఫ్లాస్కులు, పిపెట్టు, తెల్ల పింగాణీ పలక, మిథైల్ ఆరెంజ్ రంగుమందు సీసా, తను స్వయంగా తయారుచేసి గాఢత సరిచూసుకున్న ఆమ్లం ఉన్నాయి. స్టాండు మాత్రం మోయలేక ఇంట్లో వదిలేసింది. వెళ్ళబోయే ఇంట్లో పట్టుకార్లకు కరువు లేదు.

ఆ ఇల్లంటే చెల్లెలి ఇల్లు. చెల్లెలు పోయాక దాన్ని మరిదిగారి ఇల్లు అనాలి. ఆమెకు ఆ మాట ఇంకా అలవాటు కాలేదు.

మరిది గడియారాలు బాగుచేస్తాడు. మాట్లాడేది తక్కువ. అలాంటివాడు ముందురోజు తానే ఫోను చేశాడు.

“గుబురును ఇచ్చేద్దామనుకుంటున్నాను వదినా. చేపలషాపాయన ఆదివారం పెట్టె తెస్తానన్నాడు. నా దగ్గర చచ్చిపోతోంది. ఆయన దగ్గరైతే బతుకుతుందేమో.”

ఏమైందని ఆమె అడిగింది. ఏమైందో తెలిస్తే ఇవ్వను కదా అన్నాడు. ఆదివారం దాకా ఇవ్వద్దనీ, నీళ్ళు తాను పరీక్షిస్తాననీ ఆమె చెప్పింది. ఇవతల టీచరమ్మ భర్త ఆ మాటలు విని, మన చారులో ఉప్పు సంగతి ఏనాడూ పట్టించుకోనిదానివి, వాళ్ళ చేపలకు ఉప్పు కొలవడానికి వెళ్తున్నావా అన్నాడు. చేపలు వంకలు పెట్టకుండా తింటాయండీ అని ఆమె మూట కట్టుకుంది.

గుబురు అంటే ఒక పగడం. పగడమంటే ఉంగరంలో రాయి అని టీచరమ్మ ఒకప్పుడు అనుకునేది. చెల్లెలే సరిదిద్దింది. అది జంతువు, దానికి నోరుంటుంది, ఆకలేస్తే చేతులు చాస్తుంది, కోపమొస్తే ముడుచుకుని రోజంతా పలకదు, అచ్చం నీలాగే అక్కా అని. ముందుగదిలో, గోడ పొడవునా చెల్లెలు పెట్టుకున్న ఉప్పునీటి తొట్టిలో అది మధ్యరాయి మీద ఉంటుంది. బొటనవేలంత ముక్కగా వచ్చి, కొమ్మలు వేసి, పూలగంపంత అయింది. చెల్లెలు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మొగుణ్ణి ముందడిగింది తిన్నావా అని, తర్వాత అడిగింది గుబురు విచ్చుకుందా అని. అందుకని మరిదికి ఆ పగడం చావడమంటే ఒక పగడం చావడం కాదు. టీచరమ్మకూ కాదు. ఆ మాట ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకోలేదు.

ఆమె వెళ్ళేసరికి మరిది షాపు మూసి వచ్చి ఎదురుచూస్తున్నాడు. మూట అందుకుని, దాన్ని చేతుల మీద పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్ళాడు. సున్నితమైన వస్తువును పట్టుకోవడం అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

టీచరమ్మ తొట్టి ముందు నిలబడింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నారింజరంగు మీద తెల్లపట్టీల చేపలు రెండు, అద్దం దగ్గరికి వచ్చి తిండి కోసం ఆమె ముఖం చూశాయి. అద్దం మీద పాచి లేదు, మోటారు చప్పుడు లేదు, నేల మీద ఒక్క ఉప్పుమరక లేదు. బద్ధకస్తుడి తొట్టి కాదది. కానీ మధ్యరాయి మీద గుబురు లేనట్టే ఉంది. చేతులన్నీ లోపలికి లాక్కుంది. కొమ్మల అంచుల్లో మాంసం వెనక్కి జరిగి, కింద తెల్లటి రాయి బయటపడింది. టీచరమ్మ ఆ తెలుపును కాసేపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, డైనింగ్ టేబులు ఖాళీ చేయమంది.

పని మొదలయ్యాక ఆమె మనసు కుదుటపడింది. చేతులకు తెలిసిన పని అది. గడియారాల పట్టుకారుతో బ్యూరెట్టును అల్మారా అంచుకు నిలువుగా బిగించారు. ఫ్లాస్కును స్వేదనజలంతో మాత్రమే కడగాలి, బ్యూరెట్టును మాత్రం ఏది పోస్తామో దానితోనే కడగాలి అని ఆమె చెబుతుంటే, తిరగేసి కడిగితే ఏమవుతుందని మరిది అడిగాడు.

“మార్కులు పోతాయి.”

“పదో తరగతిలో నాకు పోయినవి అక్కడేనన్నమాట.”

అతను నవ్వడం ఆమె చాలాకాలానికి చూసింది.

తాను కొలవబోయేది ఏమిటో కూడా చెప్పింది. పగడం నీళ్ళలోని క్షారాన్ని లాక్కుని తన రాతి ఇల్లు కట్టుకుంటుంది. ఎంత లాక్కుంటే అంత మళ్ళీ పొయ్యాలి. నీళ్ళలో క్షారం ఎంత ఉందో తెలియాలంటే, అది తటస్థమయ్యేదాకా ఆమ్లాన్ని చుక్క చుక్కగా వదిలి, ఎంత పట్టిందో చూడటమే. మరిదికి ఇది కొత్త కాదు. తొట్టి పెట్టుకున్నవాళ్ళందరి దగ్గరా ఉండే చిన్న పెట్టె అతని దగ్గరా ఉంది. గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పోసి, రంగుమందు కలిపి, సీసాలోంచి చుక్కలు వెయ్యాలి. ఆకుపచ్చ నీళ్ళు నారింజరంగుకు తిరిగేసరికి ఎన్ని చుక్కలు పడ్డాయో క్షారం అన్ని డిగ్రీలు.

“ఎంత వస్తోంది మీకు?”

“ఎనిమిది. ఎనిమిదే ఉండాలి కూడా. అందుకే ఏం చెయ్యాలో తోచడం లేదు. అన్నీ సరిగానే ఉన్నాయి, ఇది మాత్రం చస్తోంది.”

టీచరమ్మ పిపెట్టుతో తొట్టినీళ్ళు కొలిచి ఫ్లాస్కులో వదిలింది. మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేస్తే నీళ్ళు పసుపురంగుకు తిరిగాయి. ఎడమచేత్తో బ్యూరెట్టు కొళాయి తిప్పి ఆమ్లం వదులుతూ, కుడిచేత్తో ఫ్లాస్కును తిప్పుతూ, తెల్లపలక మీద పసుపును కనిపెట్టి ఉంది. ఆమె అనుకున్నదానికన్నా చాలా ముందే పసుపు ఎరుపెక్కింది. ఆమె రెండోసారి చేసింది. మూడోసారి చేసింది. మూడూ కలిశాయి. కాగితం మీద లెక్క వేస్తే ఐదు తేలింది.

“ఎనిమిది కాదు, ఐదు. ఆకలితో మాడుతోంది.”

మరిది గుబురు వైపు తిరిగాడు. ఆమె అప్పటికే లెక్క కడుతోంది. తొట్టిలో ఇన్ని లీటర్లు, మూడు డిగ్రీలు పెంచాలంటే ఇంత సోడాపొడి, కరిగించి ఇప్పుడే పోసేస్తే భోజనాల వేళకు ఎనిమిది. పొడి ఎక్కడుందని లేచింది. మరిది అడ్డం నిలబడ్డాడు.

“ముల్లు తిప్పినంత సులువు కాదు వదినా ఇది. ఒక్కసారిగా పెంచితే ఉన్నది కూడా మాడిపోతుంది. ఆవిడ రోజుకు అరడిగ్రీ మించి కదపనిచ్చేది కాదు.”

టీచరమ్మ కూర్చుంది. ఫ్లాస్కులో నీళ్ళకు నొప్పి ఉండదు. ముప్ఫై ఏళ్ళుగా నొప్పి లేని నీళ్ళతో పనిచేసిన తనకు ఆ సంగతి తోచలేదు. సరే, అరడిగ్రీ అంది. ఆ మాట వరకూ ఆమె మరిది శిష్యురాలే.

కానీ ఎనిమిది అనే అంకె ఆమెను వదల్లేదు. చిన్నపెట్టె తెప్పించి చూసింది. మందుల గడువు దాటలేదు. తనే ఒకసారి పరీక్ష చేసింది. ఐదో చుక్కకు నీళ్ళు నారింజరంగుకు తిరిగాయి. అంటే పెట్టె అబద్ధం చెప్పడం లేదు. ఎన్నిసార్లు పరీక్షిస్తున్నారని అడిగింది. రోజు విడిచి రోజు అన్నాడు. ఎప్పుడూ ఎనిమిదేనా, ఒక్కసారైనా ఏడు రాలేదా, తొమ్మిది రాలేదా అని అడిగింది. ఎప్పుడూ ఎనిమిదే అన్నాడు.

ఈ జవాబు ఆమెకు పాత చుట్టం. ఏటా ప్రయోగపరీక్షల్లో బల్లకు ఒకడైనా ఉంటాడు. కొళాయి ముట్టడు, ఫ్లాస్కు తడవదు, మూడు రీడింగులూ ముద్రగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. నిజంగా చేసిన ప్రయోగంలో అంకెలు కాస్త అటూ ఇటూ ఊగుతాయి. ఊగని అంకె వండిన అంకె. ఇన్నేళ్ళలో ఆ విషయంలో ఆమె ఎప్పుడూ పొరబడలేదు. చెల్లెలు ప్రాణంగా చూసుకున్నదాన్ని ఇతను పరీక్ష కూడా చెయ్యకుండా, చేశానని తనకు తాను చెప్పుకుంటూ ఆకలికి మాడ్చాడు. అలా అనిపించగానే ఆమె గొంతు తరగతిగది గొంతయింది.

“నువ్వు పరీక్ష చెయ్యలేదు. చేసినట్టు చెబుతున్నావు.”

చెల్లెలి పెళ్ళయిన నాటి నుంచి ఆమె అతన్ని మీరనే పిలిచింది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మరిది మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. కొళాయి చాలాసేపు పారింది. గ్లాసుతో తిరిగివచ్చి ఆమె ముందు పెట్టి, పెట్టె తన వైపుకు లాక్కున్నాడు.

“చేస్తాను. చూడండి.”

పరీక్షాధికారి కూర్చున్నట్టు ఆమె ఎదుట కూర్చుంది. అతను గొట్టాన్ని తొట్టినీళ్ళతో కడిగాడు, గీత దాకా నింపాడు, రంగుమందు వేసి కలిపాడు. సీసాను నిటారుగా పట్టుకుని, ఒక్కో చుక్కా ఒకే పరిమాణంలో జారేట్టు వేశాడు. చుక్క వెయ్యడం, తిప్పడం, మళ్ళీ వెయ్యడం. ఇంత చక్కటి చేతిని ఆమె ఏ బల్ల దగ్గరా చూడలేదు. ఐదో చుక్కకు నీళ్ళు నారింజరంగుకు తిరిగాయి. అతను ఆగలేదు. ఆరు వేశాడు. ఏడు వేశాడు. రంగు ముదిరి గొట్టం దీపంలా ఉంది. ఎనిమిదో చుక్క వేసి, సీసా దించి, ఆగాడు.

ఆగినప్పుడు అతను గొట్టం వైపు చూడలేదు. ఎదురు కుర్చీ వైపు చూశాడు. ఆ కుర్చీలో టీచరమ్మ ఉంది.

ఆమెకు అర్థమైంది. తాను వెతికినట్టు బల్లకొకడు దొంగ రీడింగులవాడే కాదు, తరగతికొకడు ఇంకొకడు కూడా ఉంటాడు. వాడు పసుపు దాటినా, ఎరుపు దాటినా కొళాయి కట్టడు. తిడితే బిత్తరపోతాడు. వాణ్ణి పక్కకు పిలిచి, రంగులు చూసే పిల్లాడొకణ్ణి జత చేసి కూర్చోబెట్టడం ఆమె ఎప్పుడో నేర్చుకుంది. ఈ ఇంట్లో ఆ జత ఎవరో ఆమె అడగక్కర్లేకపోయింది.

“మీకు ఈ రంగు మారడం కనపడదు కదూ?”

“కనపడదు.” అతను సీసా మూత తిప్పి తిప్పి బిగించాడు. “ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకటే. చిన్నప్పటి నుంచీ. చుక్కలు నేను వేసేవాణ్ణి. ఆవిడ అక్కడ కూర్చుని చూసేది. చాలు అంటే ఆపేవాణ్ణి.”

“ఎప్పుడూ ఎనిమిది దగ్గరే అనేదా?”

“ఏడో, ఎనిమిదో. ఎక్కువగా ఎనిమిదే. ఇప్పుడు ఒక్కణ్ణే చేస్తుంటే... ఎనిమిదో చుక్క పడేసరికి చెయ్యి దానంతట అదే ఆగుతుంది. సరిపోయిందనిపిస్తుంది.”

ఎవరికైనా చెప్పొచ్చు కదా అని ఆమె మెల్లగా అంది. కళ్ళు తేడా అని తెలిస్తే ఎవరైనా గడియారం చేతికిస్తారా వదినా అన్నాడతను. తాను ఇందాక అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవాలి.

“వండిన అంకె అనుకున్నానండీ. తప్పు నాది. మీరు ఒక్కసారి కూడా మానకుండా చేశారు.”

“ఇందాకటి నువ్వే బాగుంది” అని అతను గ్లాసు ఆమె దగ్గరికి జరిపాడు. ఆమె నీళ్ళు తాగింది.

చెల్లెలి గురించి ఆ పూట వాళ్ళు అంతకుమించి మాట్లాడలేదు.

తెలియాల్సింది ఇంకొకటి మిగిలింది. ఎనిమిది ఐదుకు ఎందుకు పడిపోయింది? తొట్టి కింద అల్మారాలో చిన్న మోటారు ఒకటి ఉంది. సీసాలోని క్షారపు ద్రావణాన్ని సన్నటి గొట్టం గుండా పీల్చి, రోజంతా కొద్దికొద్దిగా తొట్టిలోకి వదలడం దాని పని. దాని మీద దీపం వెలుగుతోంది, తెర మీద అంకె సరిగానే ఉంది. చేపలషాపాయన కూడా అంకె చూసి బాగానే ఉందన్నాడట. టీచరమ్మకు తెరమీది అంకెలంటే గౌరవం తక్కువ. మర్నాడు స్కూలు నుంచి సన్నటి కొలజాడీ తెచ్చి, గొట్టం కొసను తొట్టిలోంచి తీసి జాడీలో పెట్టించింది. తెర ఎంత వదిలానని చెప్పిందో, జాడీలో అందులో సగం కూడా లేదు.

ఇక అక్కడి నుంచి మరిది రాజ్యం. భూతద్దం కంటికి బిగించుకుని, మోటారు మూత విప్పి, లోపలి చక్రాల్ని ఒక్కొక్కటే చూశాడు. చక్రం గొట్టాన్ని నొక్కీ నొక్కీ, నొక్కేచోట అది చదునైపోయి, తిరిగి లేవడం మానేసింది. కొత్త గొట్టం వేశాడు. మళ్ళీ జాడీలో కొలిస్తే తెరమీది అంకే వచ్చింది. మంచి గడియారంలో కూడా ముందరిగేది ఇలాంటిదేనని, ఎవరికీ కనపడని చిన్న ముక్కేనని అతను అన్నాడు. గొంతులో షాపులో ఉండే ధీమా వచ్చింది.

టీచరమ్మ ఆ రోజు ఇంకొకటి కూడా తెచ్చింది. స్కూల్లో పక్కన పడేసిన పాత పీహెచ్ మీటరు. పనిచేయదని అందరూ వదిలేస్తే, ఆమె నీళ్ళలో ముంచే కొత్త ఎలక్ట్రోడు తగిలించగానే లేచి కూర్చుంది. రంగు అక్కర్లేని పద్ధతి ఇదని ఆమె వివరించింది. ఆమ్లం పడేకొద్దీ మీటరు మీద అంకె దిగుతూ వస్తుంది. నాలుగున్నరకు దిగగానే కొళాయి కట్టెయ్యాలి. అంతే. కన్ను రంగు చూడక్కర్లేదు, అంకె చదివితే చాలు. అంకెలు చదవడంలో నాకు మార్కులు పోవు అన్నాడు మరిది.

ఫ్లాస్కును చేత్తో తిప్పుతూ అంకె చూడటం కష్టమని, అయస్కాంతంతో నీళ్ళు తిప్పే పళ్ళెం కూడా ఆమె సంచీలోంచి తీసింది. అయస్కాంతం అన్న మాట వినగానే మరిది రెండడుగులు వెనక్కి వేశాడు. ముంజేతి గడియారం విప్పాడు. టేబులు మీద బాగుచేయడానికి తెచ్చిన రెండు గడియారాల్నీ కలిపి పడగ్గదిలో పెట్టి, తలుపు వేసి వచ్చాడు.

“పామును తెచ్చినా ఇంత భయపడరేమో మీరు.”

“పాము గడియారాన్ని పాడుచెయ్యదు వదినా.”

ఇక నేర్పడమే. మీటరును రోజూ తెలిసిన రెండు ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలని ఆమె చెబితే, షాపు తెరవగానే గోడగడియారాన్ని రేడియోతో సరిపెట్టుకున్నట్టా అని అతను అడిగాడు. అచ్చం అంతే. ఎలక్ట్రోడు కొనను గుడ్డతో రుద్దకూడదు, పొడిగా వదలకూడదు, శుభ్రంగా ఉంటుంది కదా అని స్వేదనజలంలో నానబెట్టనూ కూడదు, దాని టోపీలో దాని నీళ్ళే ఉండాలి. ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. మొదటిసారి చేసినప్పుడు అతను ఒక్క చుక్క ఎక్కువ వదిలాడు. రెండోసారి నాలుగున్నర దగ్గర పడుతుండగా కొళాయిని వెంట్రుకవాసి తిప్పి, సగం చుక్కను గొట్టం కొసన నిలబెట్టి, దాన్ని గాజుకు తాకించి దించాడు. సగం చుక్క దించడం ఆమె పిల్లలకు ఏడాది చివర్లో గాని చూపదు.

లెక్క వేసి అతను ఐదుంబావు అన్నాడు. ఆమె వేరే ఫ్లాస్కులో మిథైల్ ఆరెంజ్‌తో చేసి చూసింది. ఐదుంబావు.

ఆ అంకె చెడ్డదే. అయినా అతను దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే చేపలషాపాయన వచ్చాడు. తెల్లటి థర్మకోలు పెట్టె, మందపాటి ప్లాస్టిక్ సంచులు, పగడాన్ని రాయి నుంచి విడదీయడానికి ఉలి ఒకటి వెంట తెచ్చాడు. మంచివాడే. చెల్లెలికి గుబురు తొలిముక్కను ఇచ్చింది ఆయనే. తొట్టి ముందు వంగి, అన్ని వైపుల నుంచీ చూసి, నాలుక చప్పరించాడు. ఏమీ తేడా లేదు, ముడుచుకునే ఉంది, ఇంకా ఆలస్యం చేస్తే తన దగ్గరికి తీసుకెళ్ళినా లాభముండదు అన్నాడు. అది నిజం కావచ్చునని టీచరమ్మకు తెలుసు. మూడు రోజుల్లో మాంసం తిరిగి రాదు. చెప్పాల్సిన మాటలు ఆమె నోటి దాకా వచ్చాయి. ఐదు సంగతి, గొట్టం సంగతి, ఎందుకు ఇవ్వకూడదో అన్నీ. కానీ ఆ తొట్టి మరిది ఇంట్లో ఉంది. ఆమె పెదవి బిగించి, వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది.

“ఒక్క పావుగంట కూర్చోండి” అన్నాడు మరిది.

గడియారం విప్పి లోపల పెట్టి వచ్చాడు. మీటరును రెండు ద్రావణాల్లో సరిచూశాడు. పళ్ళెం మీద ఫ్లాస్కులో నీళ్ళు చిన్న సుడిలా తిరుగుతున్నాయి. షాపాయన కుర్చీ అంచున కూర్చుని, ఇదేమిటండీ ఆస్పత్రిలా అన్నాడు. మరిది అంకె నాలుగున్నరకు దిగేదాకా ఆమ్లం వదిలి కొళాయి కట్టాడు. మోకాళ్ళు వంచి, కన్ను బ్యూరెట్టు గీతకు సమంగా దించి చదివాడు. కాగితం మీద లెక్క వేశాడు.

“ఆరుంబావు.”

“ఎనిమిది ఉండాలి కదా?”

“ఉండాలి. లేదు. మొన్న ఐదుంబావు, నిన్న ఐదు ముప్పావు, ఇవాళ ఆరుంబావు. ఇంకో నాలుగు రోజులకు ఎనిమిదికి వస్తుంది.”

“మరి నాతో ఎప్పుడూ ఎనిమిదే అనేవారు?”

టీచరమ్మ గుమ్మం పట్టుకుంది. ఇక్కడ ఒక్క అబద్ధం చాలు. మందు పాడైందంటే సరిపోతుంది. షాపాయన నమ్ముతాడు, ఎవరికీ ఏమీ కాదు. మరిది ఎలక్ట్రోడును కడిగి, టోపీ తొడిగి, దాని చోట దాన్ని పెట్టాడు.

“నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదండీ. ఆ రంగుమందు పెట్టెతో చేస్తే నాకు అంకె రాదు.”

షాపాయన ఆ చిన్నపెట్టె వైపు, మరిది వైపు చూశాడు.

“ఇన్నాళ్ళూ ఎవరు చూశారు మరి?”

“మా ఆవిడ.”

షాపాయన లేచి మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఈసారి గుబురును కాదు, కింద అల్మారాలో మోటారును, కొత్త గొట్టాన్ని చూశాడు. పాత గొట్టం ఎక్కడని అడిగి, తీసుకుని వేళ్ళ మధ్య నొక్కి చూసి, నా షాపులో ఇలాంటివి నాలుగున్నాయే అని తనలో తాను అనుకున్నాడు. అయినా ఆయన తన పని వదల్లేదు. ఆరుంబావు అంటే బాగైనట్టు కాదు, చచ్చిపోతే నన్ననకండి, తర్వాత పిలిచినా నేను చెయ్యగలిగింది ఉండదు అన్నాడు.

“బాగాలేదు” అన్నాడు మరిది. “ఎంత బాగాలేదో నాకు తెలుసు. ఇది ఇక్కడే ఉంటుంది.”

షాపాయన ఉలిని సంచిలో వేసుకుని, పెట్టెను చంకలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, అమ్మగారూ, మా షాపులో తొట్లు కూడా ఒకసారి ఇలా చూస్తారా అని టీచరమ్మను అడిగాడు. నన్ను కాదు, ఆయన్ను అడగండి, నేను మార్కులు వేసేదాన్నే అని ఆమె చెప్పింది. ఆయన నిజంగానే వెనక్కి తిరిగి మరిదిని అడిగాడు. ఏ సందేహమూ లేని ముఖంతో, వచ్చే వారం షాపు మూశాక వస్తానని మరిది చెప్పాడు.

తలుపు వేసివచ్చి, అతను ఆ రోజు పొయ్యాల్సిన అరడిగ్రీ పొడి తూచాడు. నీళ్ళలో కరిగించి, గుబురుకు దూరంగా, ధార పడేచోట సన్నగా పోశాడు. టీచరమ్మ చెంగు బిగించి ఫ్లాస్కులు కడగబోతే, వద్దని తనే తీసుకున్నాడు. గుబురు ఆ పూట విచ్చుకోలేదు. సాయంత్రం ఆమె బస్సెక్కడానికి బయల్దేరే వేళకు కూడా విచ్చుకోలేదు. అతను దాని ముందు స్టూలు వేసుకుని, రేపు పొయ్యాల్సిన లెక్క రాసుకుంటున్నాడు.